పసివాని పళ్లెములోని నీరు

మన భాషలో బావిని గూర్చిన మాటలలో మిక్కిలి సంతోషమును కలిగించునది 'నీరు పడినది' అను మాట. త్రవ్వుచున్న గోతి చుట్టును, దిగుచున్న బోరు గొట్టము చుట్టును నిలిచిన ఊరివారు ఆ మాట చెవిని పడగానే టెంకాయ కొట్టుదురు, బెల్లము పంచుదురు. ఎంత లోతున పడినది, ఎన్ని అంగుళముల ధార వచ్చినది అని అడుగుదురు. పడిన నీరు ఎట్టిదని అడుగువారు అరుదు. చూచుటకు తేటగా నున్నది. నోటికి హితవుగా నున్నది. పప్పు మెత్తగా ఉడుకుచున్నది. ఇంతకంటె పరీక్ష యేమి కావలెనని మన పెద్దల తలంపు. పెక్కు విషయములలో ఆ పరీక్ష చాలినదే. ఒక్క విషయమున మాత్రము కన్నును, నాలుకయు, వంటకుండయు మూడును కలిసి మనలను మోసపుచ్చును. అది ఫ్లోరైడ్. మన నీళ్లలో ఉండు మోతాదులలో దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పైగా ఫ్లోరైడ్ మిక్కుటముగా నున్న నీటిలో తఱచుగా సున్నపు పాలు తక్కువగా నుండును. అందుచే ఆ నీటిలో పప్పు మఱింత చక్కగా ఉడికినను ఉడుకవచ్చును. వంట యిల్లాలు మెచ్చుకొనిన నీరే పసిబిడ్డకు చెఱుపు చేయుట ఇందలి వింత.

తెలుగునాటికి ఇది క్రొత్త కథ కాదు. భారతదేశమున ఈ వ్యాధి మొట్టమొదట గుర్తింపబడినది తెలుగు పల్లెలలోనే. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములందు అరక కట్టిన ఎడ్లు కీళ్లు బిగిసి అడుగు వేయలేకపోవుటను రైతులు ముందుగా చూచిరని చెప్పుదురు. ఎద్దుకు వచ్చిన చేటు మనిషికిని వచ్చుచున్నదని తెలియుటకు మఱికొన్ని యేండ్లు పట్టినది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన షార్ట్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి, అచ్చటి మనుష్యుల వెన్నెముకలు, కీళ్లు బిగిసిపోవుటకు కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడేయని ప్రకటించెను. ఆ తాలూకాలు తరువాత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినవి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్గొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు, మోకాళ్లు ఒకదానినొకటి ఒరసికొనునట్లు కాళ్లు వంకరపోయిన పిల్లలను గూర్చి లాన్సెట్ పత్రికలో లోకమునకు తెలిపిరి. మునుగోడు, మఱ్ఱిగూడ అను ఊళ్ల పేర్లు పత్రికల ద్వారమున తెలుగువారందఱకును పరిచితమైనవి.

ఇన్ని దశాబ్దములలో మనము ఊరకుంటిమని చెప్పుట న్యాయము కాదు. 1970 తరువాతి యేండ్లలో నాగపూరులోని నీరి సంస్థవారు పటికతోను, సున్నముతోను, బ్లీచింగు పొడితోను నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించు పద్ధతిని రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టిరి. ఒక జిల్లా పేరు దాని దుఃఖము మూలమున ప్రపంచ శాస్త్రగ్రంథములకు ఎక్కినది. కృష్ణానీటిని గొట్టముల ద్వారా ఆ పల్లెలకు చేర్చుటకు ప్రజలు పెద్ద ఆందోళనలు సాగించిరి, నీరు వచ్చినది. 2008-09లో కేంద్ర ప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకొక జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 2016లో తెలంగాణమున మిషన్ భగీరథ ప్రారంభమైనది. ఇవి యన్నియు మంచి పనులు. కాని వీనియన్నిటిలోను కొలమానము ఒక్కటే: లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు. లీటరు నోరు తెఱచి తినదు. తినునది బిడ్డ. నా మనవి యంతయు ఈ ఒక్క మాటలో నున్నది: ఫ్లోరైడ్ లెక్కను లీటరుతో ఆపక బిడ్డ వఱకు తీసికొనిపోవలెను.

ఆ లెక్క యెట్టిదో చూతము. మన దేశపు ప్రమాణముల ననుసరించి లీటరు త్రాగునీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వఱకు అంగీకార్యము. వేఱొక నీటి ఆధారము లేనిచోట 1.5 వఱకు సహింపవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును 1.5 మిల్లీగ్రాములే. అయితే ఆ సంస్థయే, ఏ దేశమునకా దేశము తన ప్రజలు ఎంత నీరు త్రాగుదురో, తిండి మొదలగు వాని వలన ఎంత ఫ్లోరైడ్ చేరునో చూచుకొని తన హద్దును నిర్ణయించుకొనవలెనని కూడ చెప్పినది. మనము మొదటి మాటను పట్టుకొంటిమి. రెండవ మాటను విడిచితిమి. ఇక బిడ్డ విషయము. 1997లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వారు కట్టిన లెక్క ప్రకారము, బిడ్డ బరువులో కిలోకు రోజునకు 0.05 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ పంటికి మేలు చేయును. ఎనిమిదేండ్ల లోపు బిడ్డకు కిలోకు 0.1 మిల్లీగ్రామును మించరాదు. అనగా పది కిలోల బిడ్డకు రోజునకు అర మిల్లీగ్రాము మేలు. ఒక మిల్లీగ్రాము హద్దు. మేలునకును కీడునకును నడుమ నున్న దూరము ఇంత కొంచెము.

ఆ పది కిలోల బిడ్డ మన ఎండలలో ముప్పాతిక లీటరు నీరు త్రాగుననియు, అంబలిలో, అన్నములో, పప్పులో, చారులో చేరి మఱియొక అర లీటరు కడుపులోనికి పోవుననియు అనుకొందము. మొత్తము లీటరుంబావు. ఆ నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్నచో, బిడ్డకు చేరినది సుమారు 1.9 మిల్లీగ్రాములు. హద్దునకు ఇంచుమించు రెట్టింపు. 1 మిల్లీగ్రామున్న నీరైనను బిడ్డకు 1.25 చేరును, అదియు హద్దు దాటినదే. నీటి పరీక్షా కేంద్రము వారు 'త్రాగదగినది' అని వ్రాసియిచ్చిన నీటితోనే ఇంత జరుగుచున్నది. ఆ నీటినే అఱువది కిలోల తండ్రి త్రాగుటకును తిండికిని కలిపి మూడు లీటర్లు వాడినచో కిలోకు అతనికి చేరునది 0.075 మిల్లీగ్రాము, బిడ్డకు చేరునది దాదాపు 0.19. ఒకే కుండ, ఒకే ముంత. కాని బిడ్డకు తండ్రికంటె రెండున్నర రెట్లు. పైగా లోనికి పోయినదానిలో పెద్దవాని దేహము ఇంచుమించు సగమును వెలికి పంపును. పెరుగుచున్న ఎముకలు దానిని ఆకలిగొన్నట్లు పట్టుకొనును. పసిబిడ్డ దేహమున నూటికి ఎనుబది పాళ్ల వఱకు నిలిచిపోవచ్చును.

పంటి సంగతి మఱింత సూక్ష్మమైనది. బోసినోటి బిడ్డకు పండ్ల చింత యేమిటని మనము నవ్వుదుము. కాని స్థిరదంతములలో మొదటి దవడపండ్లు బిడ్డ పుట్టినప్పటి నుండియే చిగురు లోపల గట్టిపడ నారంభించును. ముందుపండ్లు మూడు నాలుగు నెలలకు ఆరంభించును. జ్ఞానదంతములు తప్ప తక్కిన వాని పింగాణి పొర ఎనిమిదవ యేటికి పూర్తియగును. ఈ నడుమ మితిమీరి వచ్చిన ఫ్లోరైడ్ ఆ పొరను చెఱచును. చెఱచిన సంగతి అప్పుడు తెలియదు. ఆఱు, ఏడు యేండ్లకు ఆ పన్ను బయటికి వచ్చినప్పుడు తెల్లని సుద్దగీతలు, మఱికొందఱికి పసుపు, గోధుమ వన్నె మచ్చలు కనబడును. నేరము జరిగిన ఐదేండ్లకు సాక్షి వచ్చినట్లు. అప్పటికి తీర్పు చెప్పుటకేగాని దిద్దుటకు వీలు లేదు. 'మొక్కై వంగనిది మ్రానై వంగునా' అను సామెత నడవడికను గూర్చినది. పంటికిని అది అక్షరాల వర్తించును.

అందుచే బిడ్డకు ఫ్లోరైడ్ ఏ త్రోవల వచ్చుచున్నదో ఇల్లాలు ఎఱిగియుండుట అవసరము. మొదటి ఆఱు నెలలలో తల్లి పాలు త్రాగు బిడ్డకు భయము లేదు. తల్లి త్రాగు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా నున్నను చనుబాలలోనికి అది వచ్చుట అత్యల్పము. ప్రకృతి తానే ఒక వడపోతను అమర్చిపెట్టినది. ఆ వడపోతను త్రోసిపుచ్చి డబ్బాపాలపొడిని బోరునీటిలో కలిపి పోసిన నాడే, నీటిలోని ఫ్లోరైడ్ అంతయు నేరుగా పసికడుపున పడును. వేసవి గదా యని నెలల బిడ్డకు నడుమ నడుమ నీరు పట్టు అలవాటును ఇట్టిదే. ఆఱు నెలలు నిండని బిడ్డకు తల్లి పాలలోనే చాలినంత నీరు కలదు.

రెండవది, మనము పదే పదే వినిపించు హితవు: కాచి చల్లార్చిన నీరు. క్రిముల విషయమున అది అమృతవాక్యము. ఫ్లోరైడ్ విషయమున కాదు. కాచినకొలది నీరు ఆవిరియగును, ఫ్లోరైడ్ మిగులును, చిక్కబడును. అంబలి కాచినను, జావ కాచినను ఇదే న్యాయము. అన్నము వార్చినచో గంజితో కొంత పోవును. కాని ఆ గంజినే ఉప్పు వేసి పిల్లవానికి పోయుట మన ఇండ్లలో ఉన్నదే. మూడవది టీ. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకులలో కూడబెట్టుకొను స్వభావము కలది. ముదురాకులో మఱింత ఎక్కువ. పాలు కొనలేని యింట రెండేండ్ల బిడ్డకు టీ నీళ్లలో రొట్టెముక్క ముంచి పెట్టుట ముద్దు కాదు, మోసము. నాలుగవది పండ్లు తోము టూత్‌పేస్టు. కిలో పేస్టులో వేయి మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నచో, బ్రష్షు పొడవునను పిండిన ఒక గ్రాములో ఒక మిల్లీగ్రాముండును. తియ్యగా నున్నదని మ్రింగిన బిడ్డకు ఆ నాటి హద్దు పొద్దుటనే తీరినది. మూడేండ్ల లోపు వానికి బియ్యపు గింజంత, ఆఱేండ్ల లోపు వానికి బఠానీ గింజంత చాలును, ఉమియుట నేర్పవలెను.

తిండి ఫ్లోరైడ్‌ను తెచ్చుటయే కాదు, దానిని అడ్డగించుటయు కలదు. ఈ రెండవ సంగతి మన చర్చలలో కనబడుటయే లేదు. కాల్షియము చాలినంతగా గల ఆహారముతో కలిసినప్పుడు ఫ్లోరైడ్ ప్రేవులలోనే బంధింపబడి చాలవఱకు బయటికి పోవును. కాల్షియము లేని కడుపున అది తడబాటు లేక రక్తమున చేరును. జొన్నకూడు తినువారి దేహమున వరియన్నము తినువారి కంటె ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుచుచున్నదని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1977లో తెలిపిరి. అదే సంస్థవారు 2002లో ప్రకటించిన మఱియొక ప్రయోగమున, బడి పిల్లలకు భోజనముతో పాటు రోజునకు పది గ్రాముల చొప్పున పదునెనిమిది దినములు చింతపండు పెట్టగా, వారి మూత్రమున బయటికి పోవు ఫ్లోరైడ్ పెరిగినది. చింతపండు చారు మందు అని నేను చెప్పుట లేదు. చెడునీటిని అది మంచినీరు చేయదు. కాని ఒకే నీరు త్రాగు రెండిండ్లలో ఒక బిడ్డకు ఎక్కువ, ఒక బిడ్డకు తక్కువ చెఱుపు జరుగుటకు కారణము పళ్లెములో నుండవచ్చునని ఈ పరిశోధనలు చెప్పుచున్నవి. పేదయింటి బిడ్డ, పాలు గ్రుడ్డు ఎఱుగని బిడ్డ, అదే నీటికి ఎక్కువ వెల చెల్లించుచున్నాడు.

ఇంతవఱకు చదివిన పాఠకుడు, నల్గొండ సంగతి గుమ్మలక్ష్మీపురమున కూర్చున్నవానికి ఎందుకని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. శ్రీకాకుళము, తరువాత 1979 నుండి విజయనగరము, 2022 నుండి పార్వతీపురం మన్యము అని జిల్లా పేర్లు మాఱిన ఈ కొండలకు ఫ్లోరైడ్ పీడిత ప్రాంతమను పేరు లేదు. ఇచ్చటి బాధల పేర్లు వేఱు: మన్యపు జ్వరము, అతిసారము, రక్తహీనత. సవరలు, జాతాపులు తరతరములుగా గెడ్డ నీరు, కొండ ఊట నీరు త్రాగి బ్రతికినవారు. వాన కురిసి, కొంతకాలము మాత్రమే మట్టిలో నడచి, ఊటయై పొంగు నీటిలో సాధారణముగా ఫ్లోరైడ్ స్వల్పము. కాని ఆ నీటిలో వానకాలపు క్రిములు కలవు. పసిపిల్లల ప్రాణములను అవి తీసినవి. అందుచే గెడ్డను విడిచి చేతిపంపునకు రమ్మని మనము చెప్పితిమి. చెప్పుట తప్పు కాదు. తప్పు ఎచ్చటనన, పంపునీరు క్రిములు లేనిది గనుక దోషమే లేనిదని నమ్మించుటలో నున్నది.

లోతైన బోరునీరు రాతి సందులలో చిరకాలము నిలిచిన నీరు. రాతిలోని ఖనిజములను కొద్దికొద్దిగా కరిగించుకొని అది పైకి వచ్చును. ఒక బోరులో లేనిది నూఱు గజముల దూరమునందలి మఱియొక బోరులో ఉండవచ్చును. మెట్ట ప్రాంతములలో జరిగినదియు ఇదియే: పైబావులు ఎండినకొలది జనులు లోతునకు పోయిరి, లోతునకు పోయినకొలది రాతినీరు నోటికి వచ్చినది. ఆ పల్లెలకు హెచ్చరించువారు లేకపోయిరి. మన కొండలకు వారి అనుభవమే హెచ్చరిక. దగ్గఱి రోగమును తప్పించుటకు దూరపు రోగమును కొని తెచ్చుకొనకుండ, రెండింటిని తప్పించుకొను అవకాశము మన చేతులలో ఇంకను ఉన్నది.

ఇదే కాలమున మఱియొక మార్పు మెల్లగా జరిగినది. చోడి అంబలి, సామ అన్నము, కొఱ్ఱ అన్నము తిన్న ఇండ్లలో చౌకడిపో తెల్లబియ్యము ప్రధానాహారమైనది. ఆకలి తీర్చినందులకు ఆ బియ్యమునకు నమస్కారము చేయవలసినదే. కాని నూఱు గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియముండగా, అన్నే తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములుండుట గగనము. తోటలోని మునగాకు వెనుకబడినది. చింతపండు గంపకెత్తి సంతకు పోవుచున్నది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండవారి నుండి కొను అటవీ ఫలసాయములలో చింతపండు ముఖ్యమైనది. అమ్ముకొనుట వారి హక్కు. ఇంటికి నాలుగు గుప్పిళ్లు మిగుల్చుకొనుట వారి మేలు. మొత్తమున జరుగుచున్నదేమనగా, క్రొత్త నీరు లోనికి వచ్చు వేళకే పాత కావలి బయటికి పోవుచున్నది. కోట తలుపు తెఱచి, కాపరిని సెలవుపై పంపినట్లున్నది.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ఫ్లోరైడ్ అనగానే విషమని అఱచువారు కొందఱు కలరు. అదియు సత్యము కాదు. 1901లో మెకే అను దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున జనుల పండ్లపై గోధుమ మచ్చలను చూచి వాని కారణము వెదకుట ప్రారంభించెను. 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ కారణము నీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చెను. మచ్చలున్న పండ్లకు పుచ్చు తక్కువగా నుండుట కూడ ఆ వెదకులాటలో బయటపడినది. ఫలితముగా 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరమున లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడ్‌ను బుద్ధిపూర్వకముగా నీటిలో కలిపిరి. మనము తీసివేయుటకు పాట్లు పడు వస్తువును వారు కొనితెచ్చి కలిపిరి. భేదము వస్తువులో లేదు, మోతాదులో నున్నది. ఎండదేశములలో జనులు నీరెక్కువ త్రాగుదురు గనుక అచ్చట మోతాదు తగ్గవలెనని ఆ శాస్త్రజ్ఞులే 1950 తరువాతి యేండ్లలో లెక్క కట్టిరి. 2015లో అమెరికా ప్రభుత్వము తన సిఫారసును లీటరుకు 0.7 మిల్లీగ్రామునకు తగ్గించినది. పేస్టు మొదలగు ఇతర మార్గముల నుండియు ఫ్లోరైడ్ వచ్చుచున్నదని దానికి చెప్పిన కారణము. చల్లని దేశమువారు 0.7 చాలునని కూర్చుండగా, వైశాఖమాసపు ఎండలో బిడ్డలను పెంచుకొను మనము 1.5 ను పట్టుకొని వ్రేలాడుట వివేకమేనా? ఊటనీరు త్రాగు కొండబిడ్డకు మాత్రము కొంచెము ఫ్లోరైడ్ గల పేస్టు మేలే చేయును. సంతలో కొనిపెట్టు చక్కెర బిళ్లల వలన వాని పండ్లు పుచ్చుచున్నవి. ఏ బిడ్డకు ఏది మేలో తెలియుటకు ముందు ఆ బిడ్డ త్రాగు నీటి అంకె తెలియవలెను.

భాషోపాధ్యాయుడనగుటచే ఒక మాటను గూర్చి చెప్పక మానలేను. పంటిపై మచ్చ కనబడగానే మనము 'గార' అందుము. గార పట్టుట తోముకొనని వాని దోషము. ఫ్లోరైడ్ మచ్చ అట్టిది కాదు. అది పంటి లోపల పుట్టినది. ఎంత తోమినను పోదు. ఆ రెండింటికిని ఒకే మాట వాడుట వలన బడిలో ఉపాధ్యాయుడు, ఇంటిలో తల్లి, వీధిలో తోడి పిల్లలు అందఱును నిరపరాధి యైన బిడ్డను సోమరియని తిట్టుచున్నారు. ఇసుకతోను, ఇటుకపొడితోను పండ్లు రుద్దుకొని చిగుళ్లు చీల్చుకొను పిల్లలు పుట్టుచున్నారు. పెద్దయైన పిదప ఆడపిల్ల నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనును. దానిని మనము సిగ్గనుకొందుము. నీటిది, నీటిని పరీక్షింపని పెద్దలది అయిన తప్పును బిడ్డ నోటికి అంటగట్టుటకు ఒక చిన్న మాట తోడ్పడుచున్నది. గార వేఱు, ఫ్లోరైడ్ మచ్చ వేఱు అని ప్రతి బడిలోను చెప్పవలెను.

ఇక చేయవలసినదేమి? కోట్ల రూపాయలతో పనిలేని నాలుగు పనులను మనవి చేయుచున్నాను. మొదటిది: ప్రతి అంగన్‌వాడీలోను, ప్రతి ఆశ్రమ పాఠశాలలోను వంటకు వాడు నీటిని ముందుగా పరీక్షింపవలెను. ఊరిలో పది పంపులున్నచో అన్నిటికంటె తక్కువ ఫ్లోరైడ్ గల నీరు పిల్లల వంటకు రావలెను. పెద్దలు తక్కిన నీటిని సహింపగలరు, పిల్లలు సహింపలేరు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామ స్త్రీలకు నీటి పరీక్ష పెట్టెల నిచ్చి శిక్షణ నిచ్చు ఏర్పాటు కలదు. ఆ పెట్టె బీరువాలో కాక పంపు గట్టుపై ఉండవలెను. వేసవిలో ఒకసారి, వానలు వెలసిన పిదప ఒకసారి పరీక్షించిన చాలును.

రెండవది: పరీక్షలో వచ్చిన అంకెను పంపుపైననే తెలుగు అక్షరములలో వ్రాయవలెను. 'త్రాగదగినది' అను ముద్ర చాలదు. లీటరుకు అర మిల్లీగ్రాము వఱకు పసిపిల్లలకు మంచిది, ఒకటి వఱకు పెద్దలకు మంచిది, ఆపైన పిల్లల వంటకు వలదు అని ఎఱుపు, పసుపు, పచ్చ రంగులతో తెలిపినచో చదువురాని తల్లియు గ్రహించును. సవర భాష తప్ప వేఱెఱుగని తల్లికి ఆ భాషలోనే చెప్పవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పట్టుపట్టి, ఆ భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. ఆ శ్రమ గ్రంథాలయమున ధూళి కప్పుకొనుటకు కాదు.

మూడవది: కొండ ఊటల నుండి దిగువకు గొట్టముల ద్వారా తనంతట పారివచ్చు నీటి ఏర్పాటులను పాతబడినవని మూలబెట్టరాదు. ఊట చుట్టు కంచె కట్టి, నీటిని వడగట్టి, క్లోరిన్ కలిపి, తొట్టిని కడిగించుట క్రొత్త బోరు త్రవ్వించుటకు ముందు ఆలోచింపవలసిన పని. కరెంటు అక్కఱలేని ఆ నీటికి కొండయే మోటారు. క్రిమిని చంపుటకు మార్గములు సులభములు. ఫ్లోరైడ్‌ను తీయుట కష్టము, ఖర్చు. సులభముగా బాగుపడు నీటిని విడిచి, కష్టముగా బాగుపడు నీటిని కోరుట ఏమి ప్రాజ్ఞత?

నాలుగవది: అంగన్‌వాడీలో ఇచ్చు గ్రుడ్డు, పాలు ఆ బిడ్డ నోటికే చేరునట్లు చూచి, వానికి తోడు చోడిజావను, మునగాకు పప్పును తిరిగి పళ్లెమునకు తేవలెను. జావ కాచు నీరు మొదటి పనిలో చెప్పిన మంచి నీరైనప్పుడే ఇది సఫలము. మంచి గింజను చెడునీటిలో కాచుట పాలలో పులుసు పిండుటయే.

ఇవి అధికారులు చేయవలసిన పనులని చేతులు ముడుచుకొనువారితో ఒక్క మాట. పార్వతీపురపు గిరిజనాభివృద్ధి సంస్థ వారిని అడుగవలసినదే. నీటి సరఫరా ఇంజనీరును అడుగవలసినదే. వారు నీళ్లు నమిలినచో మరల అడుగవలసినదే. కాని అడుగువాడు అంకె చేతబట్టుకొని అడుగవలెను. బడి పంతులు ఏడాదికొకసారి రెండవ, మూడవ తరగతి పిల్లల ముందుపండ్లను వెలుతురులో చూచి, సుద్దగీతలున్నవారు ఎందఱో వ్రాసియుంచినచో, అంతకంటె నమ్మకమైన దరఖాస్తు వేఱొకటి లేదు. ఏ ఊరి పిల్లల పండ్లలో గీతలు కనబడుచున్నవో ఆ ఊరి నీరు తన కథను తానే చెప్పుకొనుచున్నది.

నెల్లూరు పల్లెలలో ఎడ్లు చెప్పిన మాటను వినుటకు ఆలస్యమైనది. నల్గొండలో పిల్లల కాళ్లు చెప్పిన మాటను వినుటకు మఱింత ఆలస్యమైనది. కొండలలో ఇంకను ఏ నోరును చెప్పవలసిన అగత్యము రాలేదు. ఈ యేడు పుట్టిన బిడ్డ పండ్లకు ఎనిమిదేండ్ల గడువు కలదు. అందులో మొదటి మూడేండ్లు ప్రాణాధారములు. ప్రభుత్వపు ప్రణాళికలకు వాయిదాలున్నవి, కమిటీలకు పొడిగింపులున్నవి. చిగురు లోపల గట్టిపడుచున్న పంటికి వాయిదా లేదు.